తీసింది ఎవరిని, తెచ్చింది ఎవరిని?

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, 2020 అమెరికా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ (నాలుగు ఆటలు ముందుగా గెలిచినవాళ్లే విజేతలయ్యే ఫైనల్) ఆరో ఆటలో టాంపా బే రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ తన పిచ్చర్‌ను మార్చడం తప్పు కాదని నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఆ నాలుగు ముక్కలే నా కొంప ముంచాయి. దేవరకొండ నుంచి వనపర్తి దాకా, పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులూ, తెల్లవారుజామున ఫోన్లలో ఆట చూసే విద్యార్థులూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అందువల్ల క్రికెట్ ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క తగవుకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత పీఈటీని. మా బిడ్డ, అల్లుడు డల్లస్‌లో ఉంటారు. రెండే హిట్లు ఇచ్చి, తొమ్మిది మందిని స్ట్రైకౌట్ చేసిన పిచ్చర్‌ను 73 బంతులకే తీసేసిన మేనేజర్‌ను సమర్థించడమేమిటని అల్లుడు ఫోన్‌లో నన్ను నిలదీశాడు. మీ జవాబును నమ్ముకుని వాదించి నేను ఓడిపోయాను. దసరాకు వాళ్లు ఊరికి వస్తున్నారు. ఈలోగా న్యాయం ఎవరిదో తేల్చి చెప్పగలరు. (దేవరకొండ)

జవాబు: పీఈటీ సార్‌కు నమస్కారం. ఈ ఆట కొత్తగా తెలుసుకుంటున్న వారి కోసం ముందు రెండు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను. బంతి విసిరేవాణ్ణి బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటారు. బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరితే హిట్, మూడు స్ట్రైక్‌లకు ఔటైతే స్ట్రైకౌట్, నాలుగు చెడ్డ బంతులకు ఊరికే మొదటి బేస్ దక్కితే వాక్. బేస్‌లన్నీ చుట్టి ‘ఇల్లు’ చేరితే ఒక పరుగు. రెండు జట్లూ మూడేసి ఔట్లయ్యేదాకా ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్, మామూలుగా ఆటకు తొమ్మిది. ఆటను మొదలుపెట్టే పిచ్చర్ స్టార్టర్, అతడి తర్వాత వచ్చేవాళ్లు రిలీవర్లు, వాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ చేయి వేడెక్కించుకునే చోటు బుల్‌పెన్. చాలా మైదానాల్లో అది బౌండరీ కంచె వెనుక ఉంటుంది. మార్పులన్నీ నిర్ణయించే మేనేజర్ కూర్చునే చోటు నుంచి అక్కడికి ఒక ఫోను ఉంటుంది. అభిమానుల పోట్లాటలన్నీ ఆ ఫోను ఎప్పుడు ఎత్తాడు, ఎవరిని లేపమన్నాడు అన్న దగ్గరే మొదలవుతాయి.

ఇక ఆ రోజు సంగతి. అక్టోబరు 27 రాత్రి, అంటే మనకు 28 తెల్లవారుజామున, మీ అల్లుడి ఇంటికి దగ్గరలోని ఆర్లింగ్టన్ మైదానంలో, సిరీస్‌లో 3-2తో వెనుకబడి, ఓడితే ఇంటిదారి పట్టవలసిన స్థితిలో రేస్ జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌పై 1-0 ఆధిక్యంలో ఉంది. స్టార్టర్ బ్లేక్ స్నెల్ అప్పటికి 16 మందిని ఔట్ చేసి, ఇద్దరికి హిట్లు ఇచ్చాడు. ఒక్కరికీ వాక్ ఇవ్వలేదు. 16కు 2 కలిపితే 18. తొమ్మిది మంది బ్యాటర్ల వరుస సరిగ్గా రెండు చుట్లు తిరిగింది. పంతొమ్మిదో బ్యాటర్‌గా రావలసినవాడు వరుసలో మొదటివాడైన మూకీ బెట్స్. అంటే స్నెల్‌ను బెట్స్ మూడోసారి చూడబోతున్నాడు. ఒకే పిచ్చర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బ్యాటర్లు మొదటిసారి కంటే మెరుగ్గా ఆడతారన్నది చాలా ఏళ్ల లెక్కల్లో తేలిన విషయం. పిచ్చర్ అలసిపోవడం ఒక కారణం, అతడి చేతి నుంచి బంతి ఎలా వస్తుందో కళ్లకు అలవాటు కావడం మరో కారణం. పైగా ఆ 2020 సీజన్‌లో స్నెల్ ఒక్క ఆటలోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. క్యాష్ ఆ ఏడాదంతా పాటించిన పద్ధతినే ఆ రాత్రీ పాటించాడు.

మీ అల్లుడి వాదనలోనూ బలం లేకపోలేదు. బెట్స్, కోరీ సీగర్, జస్టిన్ టర్నర్ అనే మొదటి ముగ్గురు బ్యాటర్లు అప్పటికి స్నెల్‌ను రెండేసి సార్లు ఎదుర్కొని ఆరుకు ఆరు సార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. ఏళ్ల సగటు లెక్క ఒకవైపు, కళ్లెదుట ఆ రాత్రి కనిపిస్తున్నది మరోవైపు ఉన్నప్పుడు సగటునే పట్టుకు వేలాడటం మొండితనం కాదా అని అభిమాని అడిగితే, కాదని గట్టిగా చెప్పడం కష్టం.

అయితే నేను గత సంచికలో చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి ఉంది. అది మీ ఇద్దరి వాదనల్లోనూ లేదు. స్నెల్ స్థానంలో వచ్చినవాడు నిక్ ఆండర్సన్. ఆ ఏడాది మామూలు సీజన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 0.55 పరుగులు మాత్రమే ఇచ్చిన మేటి రిలీవర్ అతడు. కాని అక్టోబరు వచ్చేసరికి పరిస్థితి తారుమారైంది. ఆరో ఆటకు ముందు అతడు వరుసగా దిగిన చివరి ఆరు ఆటల్లోనూ ప్రత్యర్థికి పరుగు ఇచ్చుకున్నాడు. అలాంటివాణ్ణి ఒక్క పరుగు ఆధిక్యాన్ని కాపాడమని పంపారు. బెట్స్ డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు. తర్వాత క్యాచర్‌కు అందకుండా పోయిన ఒక బంతితో (వైల్డ్ పిచ్), అప్పటికే బేస్ మీద ఉన్నవాడు ఇల్లు చేరి స్కోరు సమమైంది. సీగర్ కొట్టిన నేలబారు బంతికి బెట్స్ ఇల్లు చేరాడు. చివరికి డాడ్జర్స్ 3-1తో ఆటనూ, దానితో పాటు సిరీస్‌నూ గెలుచుకున్నారు. సగటు లెక్కను నమ్మి స్నెల్‌ను తీసిన మేనేజర్, అదే లెక్కల పుస్తకంలో ఆండర్సన్ పేజీని కూడా తిప్పి చూసి ఉండవలసింది. కాబట్టి నా తీర్పు ఇది: తీయడంలో న్యాయం ఉంది, తేవడంలో లేదు. దసరా నాడు ఈ మాట చెప్పి చూడండి. అల్లుడుగారు సగం దిగివస్తారు.

ప్రశ్న: ధోనీ అయితే ఇలా చేసేవాడా? బౌలింగ్ మార్పుల్లో క్రికెట్ కెప్టెన్‌కే ఎక్కువ తెలివి కావాలి కదా? (డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్)

జవాబు: ఎవరికి ఎక్కువ తెలివి కావాలన్న పంచాయితీలోకి నేను దిగను. రెండింటికీ ఉన్న ఒక్క తేడాను గమనించండి. టీ20లో బౌలర్‌ను రెండు ఓవర్ల తర్వాత ఆపి, పదిహేడో ఓవర్‌కు మళ్లీ పిలవవచ్చు. తప్పు చేసిన కెప్టెన్‌కు దిద్దుకునే వీలుంటుంది. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు ఆ ఆటలో తిరిగి రాలేడు. స్నెల్ బంతిని మేనేజర్ చేతిలో పెట్టిన క్షణంలోనే ఆ దారి మూసుకుపోయింది. అందుకే అక్కడ మార్పు మీద ఇంత రచ్చ.

ధోనీ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. 2007 సెప్టెంబరు 24న జొహానెస్‌బర్గ్‌లో పాకిస్తాన్‌కు చివరి ఓవర్లో 13 పరుగులు కావలసి ఉండగా, హర్భజన్‌కు ఒక ఓవర్ మిగిలే ఉన్నా, అతడు అంతకుముందు వేసిన ఓవర్లో మిస్బా చేతిలో మూడు సిక్సర్లు తిన్నాడు కాబట్టి, ధోనీ బంతిని జోగిందర్ శర్మకు ఇచ్చాడు. జోగిందర్‌కూ ఒక వైడు, ఒక సిక్సు పడ్డాయి. ఆ తర్వాతి బంతికి మిస్బా కొట్టిన స్కూప్ గాలిలోకి లేచి శ్రీశాంత్ చేతుల్లో పడింది. ఆ క్యాచ్ జారి ఉంటే, మన పాలమూరు టీ కొట్ల దగ్గర ధోనీ గురించి ఏం మాట్లాడుకునేవాళ్లమో మీరే ఊహించండి. అయినా నిర్ణయం మాత్రం అదే, దానికి ఉన్న కారణమూ అదే. అప్పుడే దెబ్బలు తిన్న పెద్ద పేరును పక్కన పెట్టి, ఆ రోజు చేయి నిలకడగా ఉన్న చిన్న పేరును తెచ్చాడు. క్యాష్ చేయనిది సరిగ్గా ఇదే.

ప్రశ్న: బుల్‌పెన్‌లో ఎనిమిది మంది ఉంటారట. వాళ్లలో అందరికంటే మంచివాణ్ణి వాడకుండా కూర్చోబెట్టి ఓడిపోయే మేనేజర్లు కూడా ఉన్నారని చదివాను. నిజమేనా? అదేం చోద్యం? (గృహిణి, సూర్యాపేట)

జవాబు: నిజమేనమ్మా. దానికి అందరూ చెప్పే ఉదాహరణ 2016 అక్టోబరు 4న టొరంటోలో జరిగిన వైల్డ్ కార్డ్ ఆట. బాల్టిమోర్ ఓరియోల్స్ మేనేజర్ బక్ షోవాల్టర్ దగ్గర జాక్ బ్రిట్టన్ అనే రిలీవర్ ఉన్నాడు. ఆ సీజన్‌లో జట్టు ఆధిక్యాన్ని కాపాడమని అతడి చేతికి 47 సార్లు అప్పగిస్తే 47 సార్లూ కాపాడాడు. ఇచ్చిన పరుగుల సగటు 0.54. ఓడితే ఏడాది ముగిసిపోయే ఆట పదకొండో ఇన్నింగ్స్‌లో 2-2తో సమంగా నడుస్తుండగా, బ్రిట్టన్ బుల్‌పెన్‌లోనే ఉన్నాడు. ఉబాల్డో హిమెనెజ్ బరిలో దిగాడు. ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ బంతిని కంచె దాటించి మూడు పరుగుల హోమ్ రన్ కొట్టడంతో టొరంటో 5-2తో గెలిచింది.

షోవాల్టర్ అవివేకి కాడు. అతడు పాత మర్యాదను పాటించాడు. 1969 నుంచి బేస్‌బాల్ లెక్కల్లో ‘సేవ్’ అనే అంకె అధికారికంగా చేరింది. జట్టు స్వల్ప ఆధిక్యంలో ఉండగా వచ్చి ఆటను ముగించిన రిలీవర్ ఖాతాలో అది పడుతుంది. ఆ అంకె పుట్టాక, అందరికంటే మంచి రిలీవర్‌ను ఆధిక్యం వచ్చేదాకా దాచిపెట్టే అలవాటు బలపడింది. పరాయి ఊళ్లో స్కోరు సమంగా ఉన్నప్పుడు మేనేజర్ ఆలోచన ఇలా సాగుతుంది: ఇప్పుడే వాణ్ణి వాడేస్తే, తర్వాత మనకు ఒక పరుగు ఆధిక్యం వచ్చినప్పుడు ఎవరు కాపాడతారు? వినడానికి బాగానే ఉంటుంది. కాని ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ఇంటి జట్టు రెండో వంతులో బ్యాటింగ్ చేస్తుంది; అది ఒక్క పరుగు చేస్తే చాలు, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది, ఆ ‘తర్వాత’ రానే రాదు. పెళ్లికి కట్టుకుంటానని బీరువాలో దాచిన పట్టుచీర మడతల్లోనే చీకిపోయినట్టయింది బ్రిట్టన్ సంగతి. ఇక్కడ కూడా అభిమానులు హిమెనెజ్‌ను తిట్టారు. తప్పు అతడిది కాదు, అతణ్ణి పంపిన ఫోనుది.

ప్రశ్న: మాది రైస్ మిల్లు. నెలకు పైగా ఆపి ఉంచిన మోటారును సీజన్ మొదటి రోజే ఫుల్ లోడ్ మీద నడపము. 2024 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో యాంకీస్ మేనేజర్ ఆరన్ బూన్ చేసింది అదే కదా? మా అబ్బాయి మాత్రం అది సరైన నిర్ణయమే అంటున్నాడు. (మిర్యాలగూడ)

జవాబు: మీ మోటారు పోలికకు నా దండం. ఆ ఆట చూడనివారి కోసం చెబుతాను. అక్టోబరు 25న డాడ్జర్స్ మైదానంలో పదో ఇన్నింగ్స్ అది. న్యూయార్క్ యాంకీస్ 3-2 ఆధిక్యంలో ఉంది. ఒకరు ఔటయ్యారు, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఎదురుగా షోహెయ్ ఒహ్‌తాని ఉన్నాడు. బుల్‌పెన్‌లో ఇద్దరు ఎడమచేతి పిచ్చర్లు ఉన్నారు. టిమ్ హిల్ ఆ నెలంతా ఆడుతూ వచ్చినవాడు. నెస్టర్ కోర్టెస్ చేతి గాయం వల్ల సెప్టెంబరు 18 తర్వాత ఒక్క ఆట కూడా ఆడనివాడు. బూన్ కోర్టెస్‌ను పిలిచాడు.

మీ అబ్బాయి పక్షాన ఒక మాట చెప్పాలి. 2020 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. ఒహ్‌తాని, బెట్స్, ఫ్రెడ్డీ ఫ్రీమన్ అనే ముగ్గురిలో మధ్యవాడు తప్ప మిగతా ఇద్దరూ ఎడమచేతి వాటం బ్యాటర్లు, అలాంటివాళ్లకు ఎడమచేతి పిచ్చర్ బంతిని ఆడటం ఎక్కువ కష్టం కాబట్టి ఎడమచేతి పిచ్చర్‌ను తేవడం సబబే. మొదటి బంతికి ఫలితం కూడా దక్కింది. ఒహ్‌తాని గాలిలోకి లేపిన బంతిని అలెక్స్ వెర్డుగో పరుగెత్తుకుంటూ పట్టి, పక్క గోడ మీదుగా ప్రేక్షకుల్లోకి పల్టీ కొట్టాడు. అతడు మైదానం దాటిపోయినందుకు నిబంధన ప్రకారం బేస్‌ల మీద ఉన్నవాళ్లు ఒక్కో బేస్ ముందుకు జరిగారు. దాంతో మొదటి బేస్ ఖాళీ అయింది. బెట్స్‌కు కావాలనే వాక్ ఇచ్చి బేస్‌లన్నీ నింపారు. తర్వాతి బంతికే ఫ్రీమన్ గ్రాండ్ స్లామ్, అంటే బేస్‌లన్నీ నిండి ఉండగా నాలుగు పరుగులు తెచ్చే హోమ్ రన్, కొట్టాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా గ్రాండ్ స్లామ్‌తో ఆట ముగియడం అదే మొదటిసారి. కోర్టెస్ విసిరినవి రెండే బంతులు. డాడ్జర్స్ 6-3తో గెలిచారు.

ఎడమచేయి కావాలన్న ఆలోచనలో లోపం లేదు, ఏ ఎడమచేయి అన్న దగ్గర ఉంది. 37 రోజులు పోటీ బంతి ముట్టనివాణ్ణి, ఆధిక్యం ఒక్క పరుగే ఉన్నప్పుడు, వేడెక్కి సిద్ధంగా ఉన్నవాడు పక్కన ఉండగా పంపడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మోటారు నడవవచ్చు, నడవకపోవచ్చు; మీరన్నట్టు, పరీక్షించడానికి సీజన్ మొదటి రోజే దొరికిందా?

ప్రశ్న: ఓడితే మేనేజర్‌ది తప్పు, గెలిస్తే ఆటగాళ్ల గొప్ప. బుల్‌పెన్ మార్పుకు మెచ్చుకోలు దక్కిన మేనేజర్ ఒక్కడైనా ఉన్నాడా? (నాగర్‌కర్నూల్)

జవాబు: ఉన్నాడు, బ్రూస్ బోచీ. 2014 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 3-2 ఆధిక్యంలో ఉండగా, రెండే రోజుల విరామంతో ఉన్న తన స్టార్టర్ మాడిసన్ బమ్‌గార్నర్‌ను ఐదో ఇన్నింగ్స్‌లో రిలీవర్‌గా దింపాడు. అతడు చివరిదాకా ఐదు ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగూ ఇవ్వలేదు. కాన్సస్ సిటీపై స్కోరు మారకుండానే ఆట ముగిసింది. 2023లో అదే బోచీ టెక్సాస్ రేంజర్స్‌ను కూడా గెలిపించాడు. దేవరకొండ అల్లుడుగారు ఆయన్ను తప్పక ఎరిగే ఉంటారు.

ప్రశ్న: మీరు తీయడాన్ని క్షమిస్తారు, తేవడాన్ని క్షమించరు. ఇది అన్ని ఆటలకూ వర్తిస్తుందా, లేక మీకు అనుకూలమైన ఉదాహరణలే ఏరుకున్నారా? అసలు మీరు ఎప్పుడైనా కెప్టెన్‌గా చేశారా? (న్యాయవాది, నల్లగొండ)

జవాబు: న్యాయవాది గారి అడ్డు ప్రశ్న న్యాయమైనదే. నా సూత్రానికి లొంగని ఆట ఒకటి ఉంది, దాన్ని నేనే బయట పెడతాను. 2003 అక్టోబరు 16న యాంకీస్‌తో జరిగిన లీగ్ ఫైనల్ (వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టు) ఏడో ఆటలో బోస్టన్ రెడ్ సాక్స్ మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎవరినీ తేలేదు. తప్పంతా తీయకపోవడంలోనే ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 ఆధిక్యం ఉండగా పెడ్రో మార్టినెజ్ అలసిపోయాడు. లిటిల్ నడిచి వెళ్లి అతడితో మాట్లాడి, అతణ్ణే ఉంచి వెనక్కి వచ్చాడు. స్కోరు 5-5 అయ్యేసరికి పెడ్రో 123 బంతులు విసిరాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి ఆ ఆటను ముగించినవాడు ఎవరో కాదు, పైన మిర్యాలగూడ వారు ప్రస్తావించిన ఆరన్ బూనే. లిటిల్ ఉద్యోగం ఆ ఆటతోనే పోయింది. అక్కడ బుల్‌పెన్‌లో ఉన్నవాళ్లు ఆ అక్టోబరులో బాగా విసురుతున్నారు కాబట్టి, బుల్‌పెన్‌లో ఎవరున్నారో చూడకపోవడమే ఆ తప్పుకు కూడా మూలమని నేను వాదించగలను. కాని అది కాస్త సాగదీసిన వాదనేనని ముందే ఒప్పుకుంటున్నాను.

దానికి బదులు 2019 వరల్డ్ సిరీస్ ఏడో ఆటను సాక్షిగా పిలుస్తాను. హ్యూస్టన్ ఆస్ట్రోస్ మేనేజర్ ఎ.జె. హించ్ 2-1 ఆధిక్యంలో 80 బంతులకే జాక్ గ్రింకీని తీశాడు. అతడప్పుడే ఒక హోమ్ రన్, ఒక వాక్ ఇచ్చి ఉన్నాడు కాబట్టి తీయడాన్ని నేను తప్పు పట్టను. వచ్చిన విల్ హారిస్ విసిరిన బంతిని హోవీ కెండ్రిక్ కుడివైపు ఫౌల్ స్తంభానికి (సరిహద్దు స్తంభం; దానికి తగిలితే హోమ్ రనే) తగిలేలా కొట్టి వాషింగ్టన్‌ను ముందుకు తీసుకుపోయాడు. ఆ సీజన్‌లో 20 ఆటలు గెలిపించిన గెరిట్ కోల్ బుల్‌పెన్ నుంచి కదలకుండానే ఆ ఏడాది ముగిసింది.

మేనేజర్ల తరఫున కూడా ఒక మాట నమోదు చేయమని మనవి. సీజన్‌లో 162 ఆటలు ఉంటాయి. 26 మంది జట్టులో పిచ్చర్లు 13 మందికి మించరాదు. నిన్నా మొన్నా వరుసగా విసిరినవాడు ఈ రోజు పనికిరాడు. బుల్‌పెన్‌లో లేచి ఇరవై బంతులు విసిరి, ఫోను మళ్లీ మోగక కూర్చుండిపోయినవాడి చేయి కూడా అలసినట్టే లెక్క, స్కోరు కార్డులో మాత్రం ఆ అలసట కనిపించదు. టీవీ ముందు మనకు ఎనిమిది మంది కనిపిస్తే, మేనేజర్‌కు ఆ రాత్రి నిజంగా ఉన్నది నలుగురే కావచ్చు.

ఇక కెప్టెన్సీ సంగతి. సుమారు ముప్పై ఏళ్ల కిందట నల్లగొండ ఎన్‌జీ కాలేజీ మైదానంలో సంక్రాంతి సెలవుల టెన్నిస్ బాల్ టోర్నమెంటులో మా వాడకట్టు జట్టుకు నేనే కెప్టెన్‌ను. మా ఎడమచేతి బౌలర్‌ను చివరి ఓవర్ కోసం దాచుకుందామని తీసి, అప్పుడే బస్సు దిగి, ప్యాంటు పైకి మడుచుకుని వచ్చిన మా బాబాయి కొడుక్కు బంతి ఇచ్చాను. ఆ ఓవర్లో 19 పరుగులు వచ్చాయి, చివరి ఓవర్ దాకా ఆట మిగల్లేదు. ‘‘వాణ్ణెందుకు తీసినవ్ రా’’ అని మైదానం చుట్టూ అందరూ అరిచారు. ‘‘వీణ్ణెందుకు తెచ్చినవ్’’ అని అడిగినవాడు ఒక్కడే, అదీ ఆ బాబాయి కొడుకే.

ప్రశ్న: అక్టోబరు వచ్చిందంటే మా మనుమడు తెల్లవారకముందే లేచి ఈ ఆట పెట్టుకుని కూర్చుంటాడు. బడి బస్సు తప్పిపోతోంది. ఏం చేయమంటారు? (నకిరేకల్)

జవాబు: అమ్మా, వరల్డ్ సిరీస్ ఆటలు మన గడియారం ప్రకారం అక్టోబరు చివరలో ఉదయం ఐదున్నర దాటాక మొదలవుతాయి. ఏడు, ఏడున్నర మధ్య ఆరో ఇన్నింగ్స్ వస్తుంది, మేనేజర్ చేయి ఫోను మీదికి పోయేదీ అప్పుడే, మీ వీధిలోకి బస్సు వచ్చేదీ అప్పుడే. కాబట్టి స్నానం, టిఫిను ఐదున్నర లోపే ముగించి, యూనిఫాం వేసుకుని ఆట ముందు కూర్చోమనండి. బస్సు హారన్ వినిపించే సమయానికి ఎవరిని తీశారో తెలిసిపోతుంది. ఎవరిని తెచ్చారో, ఏమైందో సాయంత్రం మీరే చెప్పండి.